ఐదుసార్లు మొదలుపెట్టి ఐదుసార్లూ ఆపేశాను. ఈ పుస్తకం లోపలికి వెళ్ళేదెలా?

ఆగిన_బుక్‌మార్కు
సోమవారం, రాత్రి 9:40

ఇక్కడ చాలాకాలంగా చదివి వెళ్ళిపోవడమే గానీ రాయడం ఇదే మొదలు. సిగ్గు విడిచి అడుగుతున్నాను.

టాల్‌స్టాయ్ ‘యుద్ధము – శాంతి’ ఇప్పటికి ఐదుసార్లు మొదలుపెట్టాను. ఐదుసార్లూ నలభయ్యో పేజీ దగ్గర చతికిలబడ్డాను. మొదట ఒక దొరసాని ఇంట్లో పార్టీ. వచ్చినవాళ్ళంతా నెపోలియన్ గురించి మాట్లాడుకుంటారు. హమ్మయ్య అయిపోయిందనుకునే లోపు ఇంకో ఇంట్లో ఇంకో వేడుక. అక్కడికొచ్చిన ఆవిడెవరో, కుర్రాళ్ళు ఒక పోలీసాయన్ని ఎలుగుబంటికి కట్టేసిన సంగతి చెబుతూ ఉంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. పుస్తకం మూసేస్తాను. రెండు నెలలయ్యాక మళ్ళీ ఉత్సాహం వస్తుంది, మళ్ళీ మొదటి పేజీ.

డిటెక్టివ్ నవలలు రెండేసి రోజుల్లో ముగిస్తాను, కాబట్టి చదవడం చేతకాక కాదు. ఇలా తాపీగా మొదలయ్యే పుస్తకాల్లోకి మీరంతా ఎలా వెళ్తారు? ‘ఓపిక పట్టండి’ అని మాత్రం అనకండి. అది ఐదుసార్లు పట్టాను.


చెదపురుగు
సోమవారం, రాత్రి 10:15

నలభై పేజీలు ఐదుసార్లు. అంటే రెండొందల పేజీలు చదివేశారన్నమాట! అవే రెండొందలు వరసగా చదివుంటే ఈపాటికి యుద్ధభూమిలో ఉండేవారు.

మీకున్నది ఓపిక సమస్య కాదండీ, మొదటికి వెళ్ళే జబ్బు. నాకూ ఉండేది. ‘ఈసారి శ్రద్ధగా చదువుదాం’ అని మొదటి పేజీ తెరుస్తాం. అప్పటికే అరిగిపోయిన ఆ పేజీల మీదే ఉత్సాహమంతా ఖర్చవుతుంది. కొత్త పేజీ వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఆరోసారి మొదటి పేజీ తెరవకండి. ఆగినచోటే తెరవండి. వెనక సంగతి మరీ గుర్తులేకపోతే ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్ళండి, అంతకు మించి వద్దు.

అన్నట్టు, ఎలుగుబంటి దగ్గరే ఆపేస్తున్నారా! తర్వాతి అధ్యాయంలోనే నతాషా ఆ గదిలోకి పరుగెత్తుకుంటూ వస్తుంది. పుస్తకానికి ప్రాణం ఆ పిల్ల. ఐదుసార్లు గుమ్మం దాకా వచ్చి చెప్పులు విడవకుండానే వెనక్కి వెళ్ళిపోయారు.


గడుసుపాఠకి
సోమవారం, రాత్రి 10:52

నేను ఎదురుమాట చెబుతాను. వదిలేయండి.

నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ ఒక లెక్క చెప్పారు. ఏ పుస్తకానికైనా 50 పేజీలు ఇచ్చి చూడు, పట్టుకోకపోతే పక్కన పెట్టు. 50 ఏళ్ళు దాటినవాళ్ళయితే వందలోంచి వయసు తీసేయాలి, మిగిలినన్ని పేజీలు చాలు. నాకిప్పుడు 58, కాబట్టి నా కోటా 42 పేజీలు. ఏడాదికొక పేజీ తరుగు. వయసు పెరగడంలో నాకు కనిపించిన లాభం ఇదొక్కటే.

ఫ్రెంచి రచయిత దానియెల్ పెన్నక్ 1992లో పాఠకుడి హక్కులని పది రాశాడు. పేజీలు దాటేసే హక్కు, పూర్తిచేయకుండా వదిలే హక్కు రెండూ అందులో ఉన్నాయి. అసలు మొదటి హక్కే చదవకపోవడం. పరీక్ష రాసేది లేదు, మార్కులేసేవాళ్ళు లేరు, మరి ఈ అపరాధ భావం దేనికి?


పాతఅట్ట
మంగళవారం, ఉదయం 6:20

ఈ ధోరణి వల్లే మంచి పుస్తకాలు అల్మరాల్లో అలంకారాలుగా మిగిలాయి. ఫోనులు చేతికొచ్చాక పేజీకొక మలుపు లేకపోతే జనం కూర్చోలేకపోతున్నారు. గొప్ప పుస్తకం పాఠకుడి దగ్గరికి రాదు, పాఠకుడే దాని దగ్గరికి నడిచి వెళ్ళాలి.

ఉంబెర్తో ఎకో 1980లో తెచ్చిన మొదటి నవల సంగతి చూడండి. మధ్యయుగపు క్రైస్తవ మఠంలో ఏడు రోజుల్లో జరిగే కథ. రాతప్రతి చదివిన స్నేహితులూ సంపాదకులూ మొదటి వంద పేజీలు బరువుగా ఉన్నాయి, తగ్గించమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మఠంలో ఏడు రోజులు ఉండదలచినవాడు ముందు ఆ మఠం నడకకు అలవాటుపడాలి, అలవాటు పడలేనివాడు కొండ కిందే ఉండిపోతాడు అన్నది ఆయన వాదన. అంటే ఆ నిదానం పొరపాటున వచ్చినది కాదు, పనిగట్టుకుని పెట్టినది.


గడుసుపాఠకి
మంగళవారం, ఉదయం 7:05

@పాతఅట్ట గారూ, మీ ఎకో హత్యల కథ రాశాడు కాబట్టి జనం కొండెక్కారు. శవం దొరుకుతుందని తెలిస్తే నేనూ ఎక్కుతాను.

నిదానం వేరు, నీరసం వేరు. గొప్పవాళ్ళు రాసిన వాటిలోనూ నీరసం ఉంటుంది. దాన్ని నిదానమని మర్యాదగా పిలవక్కర్లేదు.


చెదపురుగు
మంగళవారం, ఉదయం 8:30

‘నిదానం వేరు, నీరసం వేరు’ బాగుంది, రాసుకున్నాను. ఆ రెండిటినీ విడదీసేదెలా అన్నదే చిక్కు.

నేను చేసేది చెబుతాను. రెండు పేజీలు చదివి పుస్తకం మూస్తాను. ఒక్క విషయమన్నా కళ్ళకు కట్టినట్టు మిగిలిందా? ఒక మనిషి కూర్చున్న తీరు, ఒక మాట విరుపు, ఏదైనా సరే. మిగిలితే అది నిదానమే, ముందుకెళ్ళవచ్చు. ఏమీ మిగలకపోతే తప్పు పుస్తకానిది కావచ్చు, నాది కావచ్చు. మర్నాడు పొద్దున్నే అవే రెండు పేజీలు మళ్ళీ చదువుతాను. అప్పుడూ మిగలకపోతే పుస్తకానిదే.

@ఆగిన_బుక్‌మార్కు గారూ, మీరొక పని చేయండి. ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి. చదువుతూ చదువుతూ మనసు జారిపోయిన ప్రతిచోటా పక్క మార్జిన్లో ఒకే ఒక్క మాట రాయండి. పేరు తికమకైతే ‘పేరు’. మాట తెలియకపోతే ‘మాట’. కునుకొస్తే ‘నిద్ర’. నిజంగానే విసుగైతే ‘విసుగు’. ఒక వారం చదివాక లెక్కపెట్టి ఇక్కడ చెప్పండి. అన్నిటికీ కలిపి ‘కష్టమైన పుస్తకం’ అనేస్తాం గానీ కష్టాలన్నీ ఒకటి కావు. కంటిచూపు సమస్యకు కాలికి కట్టుకట్టినట్టు ఉంటుంది లేకపోతే.


అర్ధరాత్రి_దీపం
మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఆ మార్జిన్లో ‘పేరు’ అన్నమాటే ఎక్కువుంటుందని పందెం. రష్యన్ నవలల్లో ఒక చిన్న సూత్రం తెలియక సగంమంది ఆగిపోతారు.

ప్రతి మనిషికీ మూడు భాగాల పేరు. సొంత పేరు, తండ్రి పేరు, వంశం పేరు. తండ్రి పేరుకు కొడుకైతే ‘ఒవిచ్’ లేదా ‘యెవిచ్’ చేరుతుంది, కూతురైతే ‘ఒవ్నా’ లేదా ‘యెవ్నా’. ఈ నవల్లో ఆంద్రేయ్ నికొలాయెవిచ్, అతని చెల్లెలు మార్యా నికొలాయెవ్నా. చూడగానే తెలిసిపోవాలి, ఇద్దరి తండ్రి నికొలాయ్ అని. మర్యాదగా పిలిచేటప్పుడు సొంత పేరూ తండ్రి పేరూ కలిపి పిలుస్తారు. ఇంట్లోవాళ్ళు ముద్దుపేరుతో పిలుస్తారు. పైపెచ్చు ఈ నవల్లో పెద్దింటివాళ్ళు ఫ్రెంచి మోజులో ఉంటారు కాబట్టి ప్యోత్ర్ కాస్తా పియేర్ అవుతాడు. ఒక్క మనిషికి నాలుగు పిలుపులు. మీకు నలభైమంది కనిపిస్తుంటారు గానీ నిజానికి ఉన్నది పదిమందే.

నేను బుక్‌మార్కుగా ఒక అట్టముక్క పెట్టుకుంటాను. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా పేరు, ఏ ఇల్లు, ఒక గుర్తు. ‘పియేర్. లావు, కళ్ళద్దాలు, ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియదు.’ అంతే. ఇంటర్నెట్‌లో దొరికే వంశవృక్షాల జోలికి మాత్రం పోకండి. ఎవరు ఎవరిని పెళ్ళాడారో, ఎవరు ఎప్పుడు పోయారో అందులోనే ఉంటుంది.

ఇంకొకటి. ఆ మొదటి పార్టీ ఫ్రెంచి సంభాషణతో మొదలవుతుంది. అప్పటి రష్యన్ పాఠకులకే అది అడ్డమైంది. 1873 ముద్రణలో టాల్‌స్టాయే ఆ ఫ్రెంచిని రష్యన్‌లోకి మార్చాడు. కాబట్టి ఆ గది గుమ్మంలో తడబడ్డవాళ్ళలో మీరు మొదటివారేం కాదు.


కొత్తగా_చేరా
మంగళవారం, సాయంత్రం 5:45

మధ్యలో దూరినందుకు క్షమించండి. నాకు ఇదే బాధ ‘వేయిపడగలు’తో. అనువాదం కాదు, పరాయి పేర్లు లేవు, నా భాషే. అయినా ఇరవై పేజీలు దాటలేదు. కథానాయకుడు ధర్మారావు అని విన్నాను, అతని జాడే లేదు. తెలుగువాడినై తెలుగు చదవలేకపోతున్నానని మరీ చిన్నతనంగా ఉంది.


పద్యప్రియ
మంగళవారం, రాత్రి 8:20

చిన్నతనం దేనికి నాయనా! అది 1930ల నాటి రచన, వాక్యం నడకే వేరు.

రెండు మాటలు. ఒకటి, ధర్మారావు కోసం ఎదురుచూడకు. మొదట వచ్చేది ఊరి పుట్టుక. సుబ్బన్నపేటే అసలు కథానాయకుడు అనుకుని చదువు. అప్పుడు ఆ పేజీలు ఆలస్యంగా కాక ఆరంభంగా కనిపిస్తాయి. రెండు, పైకి చదువు. విశ్వనాథ నోటితో చెబుతుంటే ఇంకొకరు రాసుకున్న నవల అది. నోటినుంచి వచ్చిన వాక్యం కంటికి పొడుగ్గా కనిపిస్తుంది, చెవికి కాదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గొంతుకు తెలుస్తుంది. రోజుకు ఐదు పేజీలు గట్టిగా చదువు, పదిరోజుల తర్వాత మౌనంగా చదివినా నీకు ఆ గొంతు వినిపిస్తుంది.

పద్యకావ్యాలకైతే ఇంకో కిటుకు. అందరూ ముందు నిఘంటువు తీస్తారు. అది తర్వాత. ముందు క్రియ వెతకాలి. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చూసే పద్యం చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. ‘అట జని కాంచె భూమిసురుడు’ దగ్గర క్రియ అయిపోయింది. అక్కడికి వెళ్ళి చూశాడు బ్రాహ్మణుడు. ఏం చూశాడు? పద్యం చిట్టచివరి మాట, ‘శీతశైలమున్’. మంచుకొండను. మొత్తం వాక్యం ఇంతే! మధ్యలో మూడున్నర పాదాలు ఆ కొండ ఎలాంటిదో చెప్పే పొడవాటి సమాసాలు. సెలయేళ్ళ హోరు మద్దెల మోతలా ఉండటం, దానికి నెమళ్ళు పురివిప్పి ఆడటం, ఏనుగులు తొండాలతో చెట్లను కదిలించడం. అస్థిపంజరం దొరికాక మాంసం ఎక్కడ అతుకుతుందో తెలుస్తుంది. మాటల అర్థాలకు శబ్దరత్నాకరం, ఆంధ్రభారతి ఉండనే ఉన్నాయి. అస్థిపంజరం లేకుండా అర్థాలు వెతికితే ముప్పై అర్థాలు తెలుస్తాయి, పద్యం మాత్రం తెలియదు.


మంచెమీది_పుస్తకం
బుధవారం, ఉదయం 9:00

మీ అందరికి కథ లేటుగ మొదలైతదని బాధ. నాకైతే కథే లేని పుస్తకం దొరికింది. నవీన్ రాసిన ‘అంపశయ్య’. 1969ల వచ్చింది. యూనివర్సిటీ హాస్టల్ల ఉండే రవి అనే పిలగాని ఒక్క రోజు. అంతే. వాని తలకాయల తిరిగేటియన్ని వరసపెట్టి వస్తుంటయి. ఒక ఆలోచన సగంల ఇంకోటి దూరుతది.

మొదటిసారి ‘ఇగ ఏమైతది, ఇగ ఏమైతది’ అనుకుంట చదివిన. ఏం కాలె. పక్కన పడేసిన. ఏడాది తర్వాత సెలవు రోజు పొద్దుగాల కూసొని పొద్దుమూకేదాక చదివిన. ఆయన ఒక్క రోజు రాసిండు, నేను ఒక్క రోజుల చదివిన. గప్పుడు పట్టుకున్నది. అసొంటి పుస్తకాన్ని రోజుకు పది పేజీలు చదివితే నాశనమైతది. ఆ పిలగాని తలకాయలకు మనం ఎక్కేసరికే పది పేజీలైతయి, ఎక్కంగనే దిగిపోతుంటిమి.

అంటే నేను చెప్పేదేందంటె, ‘రోజూ కొంచెం కొంచెం’ అనేది అన్నిటికి పనిచెయ్యది.


పాతఅట్ట
బుధవారం, ఉదయం 9:35

చైతన్య స్రవంతి, అంటే మనసులో ఆలోచనలు పారినట్టే రాసే పద్ధతి, ఎత్తారు కాబట్టి ఒకటి గుర్తొచ్చింది. విలియం ఫాక్‌నర్‌ను ఇంటర్వ్యూలో అడిగారు, మీ రచనలు రెండు మూడు సార్లు చదివినా అర్థం కావడం లేదంటున్నారు, ఏం చేయమంటారని. నాలుగుసార్లు చదవమన్నాడు.


గడుసుపాఠకి
బుధవారం, ఉదయం 9:41

ఇందుకే ఆయన నా కోటాలోకి రాలేదు.


చెదపురుగు
బుధవారం, ఉదయం 10:20

నవ్వించారు ఇద్దరూ. కానీ ఆ జవాబులో వెటకారం తీసేస్తే కొంత పనికొచ్చేదీ ఉంది. మొదటి చదువుకే అంతా అర్థం కావాలన్న పట్టుదలే మనల్ని ఆపేది. మార్టిమర్ ఆడ్లర్ 1940లో పుస్తకం చదవడం ఎలా అన్నదాని మీదే ఒక పుస్తకం రాశాడు. కష్టమైనది చేతికొస్తే మొదటిసారి ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళిపొమ్మంటాడు. తెలియనిది తెలియనట్టే వదిలి, తెలిసినదాన్ని పట్టుకుని. మూడోవంతు అర్థమైనా, ఆ మూడోవంతే రెండోసారికి దారి చూపిస్తుంది. ప్రతి మాటకూ ఆగితే చెట్లు లెక్కపెడుతూ అడవిలో మొదటి ఫర్లాంగు దాటం.

నవలకు అంత అవసరం లేదు గానీ తత్వం, అర్థశాస్త్రం లాంటివాటికి ఇది తప్ప నాకు ఇంకో దారి దొరకలేదు.


సగం_చదివిన
బుధవారం, రాత్రి 11:30

దాటేయడం గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. నేను దాటేస్తాను, ఒప్పుకుంటున్నాను.

‘మోబీ డిక్’ తీసుకోండి. తిమింగలం వేట కథ అనుకుని తెరుస్తాం. ఓడ రేవు విడిచేది 22వ అధ్యాయంలో. కెప్టెన్ ఏహబ్ కనిపించేది 28లో. ఆ తెల్ల తిమింగలం కంటపడేది 133వ అధ్యాయంలో. మొత్తం ఉన్నవే 135! మధ్యలో 32వ అధ్యాయం పూర్తిగా తిమింగలాల వర్గీకరణ. వేట ఆగిపోయి పాఠం మొదలవుతుంది. దాన్ని దాటేసి ముందుకెళ్ళాను. ఏ నష్టమూ జరగలేదు.


పద్యప్రియ
గురువారం, ఉదయం 6:50

దాటేశాక మళ్ళీ వెనక్కి వెళ్ళి చూశారా మరి? ఆ వర్గీకరణలో తిమింగలాలను పుస్తకాల సైజుల పేర్లతో విడదీస్తాడు. పెద్దవి ఫోలియోలు, నడిమివి ఆక్టేవోలు, చిన్నవి డ్యుయోడెసిమోలు. శాస్త్రం పేరుతో ఆడిన పరాచికం అది. నేనూ మొదటిసారి దాటేసినదాన్నే. పుస్తకం అయిపోయాక వెనక్కి వచ్చి చదివితే నవ్వాగలేదు.

కాబట్టి దాటేయండి గానీ, దాటినచోట ఒక చీటీ పెట్టండి.


మంచెమీది_పుస్తకం
గురువారం, ఉదయం 8:15

దాటేసుడు కాదు, బాకీ పెట్టుడన్నట్టు. ఇది మంచిగున్నది.


ఆగిన_బుక్‌మార్కు
ఆదివారం, మధ్యాహ్నం 3:00

ఇంత స్పందన వస్తుందనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. లెక్క చెబుతాను.

చెదపురుగు గారు చెప్పినట్టు ఆగినచోటే తెరిచాను. మొదట ఏదో దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది, పేజీలు ఎగ్గొట్టి మధ్యలో దూరినట్టు. ఐదు రోజుల్లో మనసు జారింది 12 సార్లు. మార్జిన్లో ‘పేరు’ 7, ‘నిద్ర’ 4, ‘విసుగు’ 1. ‘మాట’ ఒక్కటీ లేదు.

విసుగు ఒక్కసారేనంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ ఈ పుస్తకం విసుగని తిరిగినవాణ్ణి. నిద్ర సంగతైతే తేలిపోయింది, రాత్రి పదకొండు తర్వాత మంచం మీద చదువుతున్నాను. డిటెక్టివ్ నవల ఆ వేళప్పుడు నన్ను మేలుకొలుపుతుంది. దీన్ని నేనే మేలుకుని చదవాలి.

నతాషా వచ్చింది. చేతిలో బొమ్మ, ఆపుకోలేని నవ్వు. ఎందుకు నవ్వుతోందో ఆ పిల్లకే తెలియదు. ఆ పేజీలో పెన్సిలు ముట్టుకోలేదు.


గడుసుపాఠకి
ఆదివారం, మధ్యాహ్నం 3:25

వదిలేయమని చెప్పినదాన్ని నేనే. లెక్క చూశాక నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. విసుగు ఏడుంటే మాత్రం తీసుకునేదాన్ని కాదు.

వేళ గురించి నాదొక మాట. నా దగ్గర ఎప్పుడూ రెండు పుస్తకాలు నడుస్తుంటాయి. పొద్దున్న బుర్ర తేటగా ఉన్నప్పుడు బరువైనది ఇరవై నిమిషాలు. రాత్రికి తేలికది. రెండూ ఒకే వేళకు పెడితే ఎప్పుడూ తేలికదే గెలుస్తుంది.


అర్ధరాత్రి_దీపం
ఆదివారం, సాయంత్రం 6:40

‘పేరు’ 7! పందెం నెగ్గాను.

ఈ నవల్లో అధ్యాయాలు పొట్టివి. మొత్తం సుమారు 360. రోజుకొకటి చదివితే ఏడాదికి సరిపోతుంది. ఆ పద్ధతిలోనే గుంపులుగా చదివేవాళ్ళున్నారు. ‘వెయ్యి పైచిలుకు పేజీలు’ అంటే గుండె జారుతుంది, ‘ఇవాళ్టికి నాలుగు పేజీలు’ అంటే జారదు. అసలు దీని మొదటి భాగాలు వచ్చిందే పత్రికలో విడతలు విడతలుగా, 1865 నుంచి. అప్పటి పాఠకులు వచ్చే సంచిక కోసం ఎదురుచూస్తూ చదివారు. మనం గుట్టంతా ఒకేసారి ముందేసుకుని బెంబేలెత్తుతున్నాం.


కొత్తగా_చేరా
సోమవారం, ఉదయం 7:30

నాదొక సందేహం. పుస్తకం ముందున్న పీఠిక చదవాలా వద్దా? ముప్పై పేజీలుంది. అదయ్యేసరికే నీరసపడుతున్నాను.


పాతఅట్ట
సోమవారం, ఉదయం 7:50

చదవాలి. నేపథ్యం తెలియకుండా దూకితే ఈత రానివాడు ఏట్లో దూకినట్టే.


సగం_చదివిన
సోమవారం, ఉదయం 8:02

వద్దు! పీఠిక రాసేవాళ్ళు పుస్తకం చదివేసినవాళ్ళ కోసం రాస్తారు. ముగింపు రెండో పేజీలోనే చెప్పేస్తారు. ఒక రష్యన్ నవల్లో నాయిక ఏమవుతుందో నేను పీఠికలోనే చదివాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు.


పద్యప్రియ
సోమవారం, ఉదయం 9:15

కావ్యానికి పీఠిక ముందు, నవలకు తర్వాత. కావ్యంలో కథ ఎలాగూ అందరికీ తెలిసిందే, దాచేదేముంది.

కొత్తగా_చేరా, నువ్వు పైకి చదువుతున్నావా?


కొత్తగా_చేరా
సోమవారం, ఉదయం 9:40

చదువుతున్నానండీ. ఇంట్లోవాళ్ళు మొదటిరోజు వింతగా చూశారు. మూడోరోజు నుంచి మా నాన్నమ్మ కుర్చీ తెచ్చుకుని కూర్చుంటోంది. నాకు తెలియని మాటలు ఆవిడే చెబుతోంది. 70 పేజీలు దాటాం. నిన్న నాకు ఒంట్లో బాగోలేక చదవకపోతే ఆవిడకు కోపం వచ్చింది.


పద్యప్రియ
సోమవారం, ఉదయం 9:44

ఇంక నిన్ను ఆ పుస్తకం మధ్యలో వదలనిస్తారా! నా సలహాలన్నీ పక్కన పెట్టు, ఆవిడ చెప్పినట్టు విను.


చెదపురుగు
సోమవారం, రాత్రి 9:30

ఇది చూశాక ఒకటి అనిపించింది. పక్కన వినేవాళ్ళు లేకపోతే ఆడియో పుస్తకం కొంతవరకు ఆ పని చేస్తుంది. మొదటి రెండు మూడు అధ్యాయాలు వింటూ, అవే పేజీలు కళ్ళతో అనుసరిస్తే నడక పట్టుబడుతుంది. ఆ తర్వాత గొంతు ఆపేయవచ్చు. వంటింట్లోనో ప్రయాణంలోనో వినడం నాకు మాత్రం కుదరలేదు, తాపీ పుస్తకాలు చెవిలోంచి జారిపోతాయి.

అనువాదాలు చదివేవాళ్ళకు ఇంకొకటి. ఒకే పుస్తకానికి రెండు మూడు అనువాదాలు దొరికితే, కొనేముందు మొదటి పేజీ అన్నిటిలోనూ చదివి చూడండి. మనం రచయితకు అంటగట్టే ముళ్ళల్లో కొన్ని అనువాదకుడు వేసినవి. అచ్చు మరీ చిన్నదైతే అదీ కష్టమే. ఒక నవల గహనమైనదని మూడేళ్ళు అనుకున్నాను. కళ్ళద్దాలు మార్చాక పదిరోజుల్లో అయిపోయింది.


నిర్వాహకులు
మంగళవారం, ఉదయం 10:00

ఒక సభ్యులు ఉత్సాహంకొద్దీ ‘యుద్ధము – శాంతి’లో ఎవరెవరు చనిపోతారో వరసగా రాశారు. పోస్టు తీసేశాం. ముగింపులు చెప్పేటప్పుడు ముందు హెచ్చరిక పెట్టండి. రెండొందల ఏళ్ళ కిందటి కథైనా సరే, చదవనివాళ్ళకు కొత్తదే.


ఆగిన_బుక్‌మార్కు
ఐదు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:10

త్రెడ్ పైకి తెస్తున్నందుకు మన్నించాలి. చదవడం వేళ పొద్దుటికి మార్చాను. రోజుకొక అధ్యాయం, సెలవు రోజుల్లో రెండు మూడు. మధ్యలో నాలుగు రోజులు అసలు తెరవలేదు, మళ్ళీ మొదటికి వెళ్ళాలని చెయ్యి దురద పుట్టింది గానీ ఆపుకున్నాను. మొదటి యుద్ధం దాటాను. తూషిన్ అనే ఫిరంగుల కెప్టెన్ ఉన్నాడు, మొదట బూట్లు లేకుండా పై అధికారికి దొరికిపోయి బిక్కమొహం వేస్తాడు. ఆ మనిషి కోసమైనా ఈ పుస్తకం చదవచ్చు. మొదటి పార్టీ ఎందుకంత సేపు నడిచిందో ఇప్పుడు తెలుస్తోంది. అక్కడ హాయిగా కూర్చుని యుద్ధం గురించి మాట్లాడినవాళ్ళ మాటలు, ఈ బురదలో నిలబడ్డవాళ్ళను చూశాక వేరేగా వినిపిస్తున్నాయి.

ఒక రెండు బాకీలున్నాయి, చీటీలు పెట్టాను. అట్టముక్క రెండువైపులా నిండిపోయింది.

ఇప్పుడొక సందేహం. రొస్తోవ్‌ల ఇంటికి నికొలుష్కా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట. ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు. నికొలుష్కా ఎవరండీ? నా అట్టముక్కలో లేడు.


అర్ధరాత్రి_దీపం
శనివారం, రాత్రి 8:25

మన నికొలాయ్ రొస్తోవే! వాళ్ళబ్బాయే. ఇన్నాళ్ళూ యుద్ధంలో మీతోనే ఉన్నాడు. ముద్దుపేరు అది.

అట్టముక్కలో ఆ పేరు పక్కన కాస్త చోటు వదలండి. ఈ నవల్లో నికొలాయ్‌లు ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన్ని ఇప్పటికే చూశారు. రెండోవాడు ఇంకా పుట్టలేదు.


నిర్వాహకులు
శనివారం, రాత్రి 8:31

ఇది కూడా స్పాయిలరే.